ముక్కోపా? నిద్ర చాలకా?

“మావాడు ముక్కోపండీ, పొద్దున్నే పలకరిస్తే చాలు కస్సుమంటాడు.” పేరెంట్స్ మీటింగుల్లో తరచూ వినిపించే మాట ఇది.

జర్మన్లు ఇలాంటివారిని ‘మోర్గెన్‌ముఫెల్’ అంటారు. మోర్గెన్ అంటే ఉదయం. ముఫెల్ అంటే ముటముటలాడే మనిషి. ముభావంగా గొణుక్కోవడం అనే అర్థమున్న క్రియ నుంచి వచ్చిన మాట. ఆటలంటే గిట్టనివాణ్ణి ‘ష్పోర్ట్‌ముఫెల్’ అంటారు. చిరాకు ఎప్పుడో, దేనిమీదో ఆ పేరే చెప్పేస్తుంది.

మన ‘ముక్కోపి’లో ఆ వివరం లేదు. కోపం ముక్కుమీదే ఉందంటే రోజంతా ఉన్నట్టే. నలుగురిలో పదేపదే అంటే, అదే తమ స్వభావమని పిల్లలూ నమ్మేస్తారు.

పొద్దుటి చిరాకుకు చాలాసార్లు కారణం నిద్ర చాలకపోవడమే. 13 నుంచి 18 ఏళ్లవారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2016లో సూచించింది. పైగా ఆ వయసులో రాత్రి నిద్ర పట్టే వేళ సహజంగానే ఆలస్యమవుతుంది. 11 దాకా హోంవర్కు, 5 గంటలకు అలారం అయితే దక్కేది 6 గంటలే. సామర్లకోట నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి పెద్దాపురం వచ్చే పిల్లలకు బస్సు తొందర అదనం.

రాత్రి ఫోన్ పక్కన పెట్టించి, త్వరగా పడుకోబెట్టడం తల్లిదండ్రుల వంతు. హోంవర్కు, ఉదయం స్టడీ అవర్ ఎంత ఉండాలో మళ్లీ ఆలోచించడం స్కూలు వంతు. ఒక వారం పిల్లలు పడుకున్న వేళ, లేచిన వేళ రాసి చూడండి. ఆ లెక్క చూశాకే ‘ముక్కోపి’ అందాం.