ఒక ఒరలో రెండు కత్తులు

1977 నవంబరు 19 నాటి తుపాను మాటెత్తితే బాపట్ల, రేపల్లె తీరంలో పెద్దవాళ్లకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఇప్పుడు లెక్కలన్నీ కంప్యూటర్లలోనే. రేపల్లెలో ఓ ఆఫీసు మునిగితే వాటి గతేంటి? తెనాలిలో నకలుంటే సరి!

లైనక్స్‌లో డీఆర్‌బీడీ చేసే పని అదే. రేపల్లె డిస్కులో రాసిన బ్లాకులన్నీ నెట్‌వర్క్ మీదుగా తెనాలి డిస్కులోనూ పడతాయి. 2010లో వచ్చిన 2.6.33 వెర్షన్ నుంచి ఇది లైనక్స్‌లో భాగమైంది. మౌస్‌తో పని లేదు, కమాండ్లు కొట్టాల్సిందే. ‘డీఆర్‌బీడీఏడీఎం స్టేటస్’ అని కొడితే రెండు డిస్కుల యోగక్షేమాలూ తెలుస్తాయి. రాసే పెత్తనం ‘ప్రైమరీ’ది. ‘సెకండరీ’ది నకలు దించుకునే పని.

చిక్కల్లా మధ్యలో లైను తెగినప్పుడే. రెండూళ్ల వాళ్లూ తమ యంత్రాన్నే ప్రైమరీ చేసుకుని రాసుకుంటూ పోతే లెక్కలు చెరోదారి పడతాయి. దీన్నే ‘స్ప్లిట్ బ్రెయిన్’ అంటారు. లైను కలిశాక సాధారణంగా ఒక ఊరి రాతల్ని వదులుకోవాల్సిందే. అందుకే కమాండ్ కొట్టేముందు అవతలి ఊరికి ఒక్క ఫోను చేయడం మేలు.

ఇంకోమాట... రేపల్లెలో పొరపాటున ఫైలు చెరిపేస్తే తెనాలిలోనూ మాయమవుతుంది. అద్దంలో ప్రతిబింబం అంతే మరి! బ్యాకప్ మాత్రం విడిగా తీసి దాచుకోవాల్సిందే.