లారీకి జీపీఎస్ సరే, డ్రైవర్ నిద్ర సంగతేంటి?

2024 జనవరి 2న హైదరాబాద్ పెట్రోల్ బంకుల దగ్గర బారులు తీరిన బళ్ళు గుర్తున్నాయా? హిట్ అండ్ రన్‌కి పదేళ్ళ దాకా జైలు అన్న కొత్త సెక్షన్ మీద డ్రైవర్లు సమ్మె చేశారు. "తాగి నడిపి జనాన్ని చంపేస్తారు, పైగా సమ్మె ఒకటి" అని తిట్టినవాళ్ళే మనోళ్ళంతా. బంకులు తెరుచుకున్నాయి, మనం మర్చిపోయాం.

అసలు డ్రైవర్ రోజుకి ఎన్ని గంటలు పనిచెయ్యాలి? 1961 నాటి చట్టమే చెప్పింది: రోజుకి 8, వారానికి 48. దూరప్రయాణాలకైతే అనుమతితో 10, 54. కానీ అది అయిదుగురు, ఆపైన పనివాళ్ళున్న సంస్థలకే. మన దగ్గర చాలా లారీలు ఒకటి రెండు బళ్ళున్న ఓనర్లవి. మరి ఆ చట్టం ఎవరికి? 2025 నవంబర్ 21న దాని స్థానంలోకి వచ్చిన కోడ్ ఆ అయిదుని పది చేసింది. భలే సంస్కరణ!

ఇక డబ్బులు. ట్రిప్పు లెక్కన బత్తా ఇచ్చేచోట పడుకున్న ప్రతి గంటా సొంత జేబుకి చిల్లే. గోడౌన్ గేటు ముందు అన్‌లోడింగ్ కోసం రెండ్రోజులు పడిగాపులు పడితే, ఆ పోయిన టైము నిద్ర మానుకుని పూడ్చుకోవాలి. తెల్లవారుజామున యాక్సిడెంటైతే మాత్రం "డ్రైవర్ నిర్లక్ష్యం".

ఇప్పుడు మన సంగతి. ఈ-వే బిల్లు 200 కిలోమీటర్లకి ఒక రోజు చొప్పున గడువు లెక్కేస్తుంది. ఫాస్టాగ్ ఏ బండి ఏ టోల్ గేటు ఎప్పుడు దాటిందో రాసుకుంటుంది. ఇవన్నీ కట్టింది మనలాంటివాళ్ళమే కదా! అమెరికాలో 2017 డిసెంబర్ నుంచి చాలా ట్రక్కుల్లో ఎలక్ట్రానిక్ లాగ్ తప్పనిసరి. పది గంటల విశ్రాంతి తర్వాతే పదకొండు గంటలు నడపాలి. ఇక్కడ అది చెయ్యలేనంత కష్టమా? టెక్నాలజీ ఉంది, అడిగేవాడే లేడు.

"సరుకు లేటవుతుంది, రేట్లు పెరుగుతాయి" అంటారా? పెరగనీండి. రాత్రంతా సపోర్ట్ చేసి పొద్దున్నే మీటింగంటే మనకి ఒళ్ళు మండదూ? మనం కునికితే బిల్డ్ పోతుంది, అంతే.

2025 అక్టోబర్ నుంచి తయారయ్యే లారీలకి ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. మంచిదే. కానీ ఏసీ పెడితే పని గంటలు తగ్గవు. ఓనర్‌కి ఒక్క బండే ఉన్నా డ్రైవర్ గంటలకి లెక్క ఉండాలి. గేటు దగ్గర ఆపిన టైముకి సరుకు యజమానే డబ్బు కట్టాలి. ఈ రెండూ అయ్యాక జైలు గురించి మాట్లాడుకుందాం.