గురువు పేరు చెప్పాలి

రాయల్పాడు వైపు గ్రామాల వారికి శ్రీకాళహస్తి యాత్ర కొత్త కాదు. అక్కడ దైవదర్శనంతోపాటు చూడదగినది మరొకటి ఉంది. అదే కలంకారీ చిత్రకళ. నూలుబట్టను కరక్కాయ, పాలు కలిపిన ద్రవంలో నానబెట్టి ఆరబెడతారు. చింతబరికెలు కాల్చిన బొగ్గుతో రూపురేఖలు గీస్తారు. ఇనుపముక్కలను, బెల్లాన్ని నీటిలో పులియబెట్టి నల్లరంగు చేస్తారు. వెదురు కలంతో రామాయణ, భారత కథలను చిత్రిస్తారు. కరక్కాయ వగరు పట్టిన బట్టపైనే ఆ నలుపు చక్కగా నిలుస్తుంది. ఇది గురువు దగ్గర కూర్చుని నేర్చుకునే విద్య.

ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చింది. “కలంకారీ నెమలి కావాలి” అని కంప్యూటరును అడిగితే క్షణాల్లో బొమ్మ సిద్ధం. చిత్రకళలో, రూపకల్పనలో డాక్టరేటు కోసం పరిశోధించేవారు దీనిని వాడవచ్చునా? వాడవచ్చును. కలం ఒక పనిముట్టు. కంప్యూటరూ ఒక పనిముట్టే. ఇంగ్లండుకు చెందిన చిత్రకారుడు హెరాల్డ్ కోహెన్ 1970ల నుండి ‘ఆరన్’ అనే ప్రోగ్రాముచేత బొమ్మలు గీయించాడు. 2016లో మరణించేవరకు ఆ కృషి మానలేదు. కాని ఆ ప్రోగ్రాముకు నియమాలు నేర్పినవాడు ఆయనే. నేటి యంత్రాలు ఎవరెవరో గీసిన కోట్ల బొమ్మల నుండి నేర్చుకున్నాయి.

“శిష్యుడు కూడా చూసే కదా నేర్చుకుంటాడు?” అని మీరు అడగవచ్చు. నిజమే. అయితే శిష్యుడు గురువు పేరు చెబుతాడు. యంత్రం చెప్పదు. కాబట్టి ఆ బాధ్యత పరిశోధకునిదే.

యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ 2018 నియమాల ప్రకారం, సిద్ధాంత గ్రంథంలో 60 శాతానికి మించి ఇతరుల రాతలతో పోలిక ఉంటే పరిశోధకుని నమోదు రద్దవుతుంది. రాతలోని చౌర్యాన్ని పట్టే సాధనాలున్నాయి. బొమ్మలోని గీత ఎవరిదో పట్టడం అంత సులభం కాదు. అక్కడ నిజాయితీయే కావలి. యంత్రాన్ని ఏమి అడిగాడు, అది ఏమిచ్చింది, తాను ఏది మార్చాడు, ఎందుకు మార్చాడు అన్నవి పరిశోధకుడు దాచక రాయాలి. కలంకారీ కళాకారుని వద్దకు వెళ్లి కూర్చోవాలి. ఆయన చెప్పినదానిని ఆయన పేరుతోనే గ్రంథానికెక్కించాలి. లేకపోతే బొమ్మ ఊరూరా తిరుగుతుంది, దానికి ప్రాణం పోసినవాని పేరు మరుగున పడుతుంది.

మీ వాకిట్లో మంచి ముగ్గు చూసి ఎవరైనా మెచ్చుకుంటే, “మా అవ్వ నేర్పింది” అని చెప్పండి. అందువల్ల మీ గౌరవం తగ్గదు. రేపు మీలో ఎవరైనా పరిశోధకులైనప్పుడు కూడా ఈ మర్యాద మరవకండి.