పిచ్చి వేరు, సెక్షన్ 84 వేరు

ఎడ్గార్ ఎలన్ పో కథ ‘ద టెల్-టేల్ హార్ట్’ చదవమని నా దగ్గరికి వచ్చే కుర్ర వకీళ్లందరికీ ఇస్తుంటాను. చదివి వచ్చి దాదాపు అందరూ ఒకే తీర్పు చెబుతారు: “వాడు పిచ్చివాడు సార్, శిక్ష ఎలా వేస్తారు?” సెషన్స్ కోర్టులో హత్య కేసులు నడిపి ముసలివాణ్నయ్యాను, ఈ తీర్పు నాకు మింగుడు పడదు. పిచ్చివాడే. దోషి కూడా.

కేసు చూడండి. కథ చెప్పే హంతకుడికి తను చంపిన ముసలాయన మీద పగ లేదు, ఆయన డబ్బు మీద ఆశ లేదు, పైగా ఇష్టమేనంటాడు. పొర కమ్మిన ఆ నీలి కన్నొక్కటే భరించలేడు. వరసగా ఏడు రాత్రులు తలుపు ఓరగా తీసి, లాంతరు వెలుగు సన్నగా ఆ కంటి మీద వేస్తాడు. కన్ను మూసి ఉంటే వెనక్కి వెళ్లిపోతాడు. తెల్లారాక రాత్రి నిద్ర బాగా పట్టిందా అని ఆప్యాయంగా అడుగుతాడు. ఎనిమిదో రాత్రి కన్ను తెరిచి ఉంది. చంపాడు, ముక్కలు చేశాడు, రక్తం నేల మీద పడకుండా తొట్టిలో పట్టాడు, మూడు చెక్కలు లేపి కింద దాచాడు. అరుపు వినబడిందని నాలుగింటికి పోలీసులు వచ్చి తలుపు తడితే, ఆ అరుపు నాదే, కలలో అరిచానన్నాడు. ముసలాయన ఊళ్లో లేడన్నాడు.

ప్రాసిక్యూషన్‌కు ఈ రెండు అబద్ధాలు చాలు. చేసింది తప్పని తెలియనివాడికి అబద్ధమాడాల్సిన అవసరమేముంది?

ఈ కథ 1843 జనవరిలో అచ్చయింది. అదే నెలలో లండన్‌లో డేనియల్ మెక్‌నాటన్ అనేవాడు ప్రధాని రాబర్ట్ పీల్ కార్యదర్శిని కాల్చాడు. మతి లేదని జ్యూరీ వదిలేస్తే పెద్ద గగ్గోలైంది. అప్పుడు జడ్జీలు చెప్పిన సూత్రాలే మన 1860 నాటి శిక్షాస్మృతి సెక్షన్ 84కు మూలం. ఇప్పుడది న్యాయసంహితలో 22. జబ్బు ఉందా అని అడిగి ఊరుకోదది. ఆ జబ్బువల్ల, ఆ క్షణాన, తానేం చేస్తున్నాడో తెలియలేదా, తప్పని గాని చట్టవిరుద్ధమని గాని తెలియలేదా అని అడుగుతుంది. తెలియలేదని చూపాల్సిన భారం ముద్దాయిదే. మన ముద్దాయేమో నాకు పిచ్చి లేదు మొర్రో అని కథంతా వాదిస్తాడు!

మరి ఆ కన్ను? నిజంగానే పాపిష్టి కన్ననుకుందాం. చంపే హక్కు వస్తుందా? దిష్టి పెట్టాడని, బాణామతి చేశాడని మనవైపు పల్లెల్లో మనుషుల్ని చంపారు. చంపినవాళ్లు గట్టిగా నమ్మే చంపారు. ఆ నమ్మకాన్ని పిచ్చి కింద జమకడితే చచ్చినవాడికి న్యాయమెక్కడిది?

పోకి నా వాదన నచ్చకపోవచ్చు. 1840లో ఫిలడెల్ఫియాలో కూతుర్ని చంపిన ఒక తండ్రి కేసు గురించి రాస్తూ, హంతకుడి నిబ్బరమే పిచ్చికి గుర్తు కావచ్చన్నాడు. వైద్యుడికి అది సరే. కోర్టుకు చాలదు.

కథ చివర పోలీసుల ముందు నేరం ఒప్పుకుంటాడు కదా, మన కోర్టులో ఆ ఒప్పుకోలు చెల్లదు. చెక్కల కింద శవం ఉందని చూపించిన మేరకే పనికొస్తుంది. కేసు నిలబడటానికి అది చాలు. ఉరి మాత్రం నేను వేయను. చచ్చినవాడి గుండె చప్పుడు వినబడేవాడికి వైద్యం కావాలి, అది శిక్ష దగ్గర లెక్కలోకి రావాలి. యావజ్జీవం వేసి, జైల్లో మానసిక వైద్యుడికి చూపించమని రాస్తాను.

అతను అప్పీలుకు వెళ్తాడు, నాకు తెలుసు. శిక్ష మీద కాదు, జబ్బు ఉందని నేను రాసిన పేరా మీద.