పీవీ ఫొటో గొడవ, మన ఇళ్ళలోని చానెళ్ళు

కాస్త పెద్ద పోస్టే, తీరిగ్గా చదవండి.

ఉగాదికి మన సంఘం హాల్లో పీవీ నరసింహారావు గారి ఫొటో పెడదామని మన పెద్దాయన ఒకరు గ్రూపులో అడిగారు. అంతే, రాత్రికి రాత్రి గ్రూపు రెండు ముక్కలైంది. ఒకరు దేశానికి దారి చూపించిన మనిషి అన్నారు. ఇంకొకరు మసీదు కూలుతుంటే చూస్తూ కూర్చున్న మనిషి అన్నారు. తెల్లారేసరికి లెక్కలేనన్ని వీడియోలు. ఓపిగ్గా చూశాను. మనవాళ్ళు సొంతంగా రాసింది ఒక్కటీ లేదు. అన్నీ హైదరాబాదు, విజయవాడ చానెళ్ళ ముక్కలే.

నా బాధ పీవీ గారి గురించి కాదు, మన గురించి. బరంపురంలో ఉండి మనం తెలుగు చానెల్ పెట్టేది దేనికి? పిల్లలు బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుకుంటారు, ఇంట్లో నాలుగు తెలుగు మాటలైనా చెవిన పడాలని. కానీ భాషతో పాటు ఆ చానెల్ వెనకున్న పార్టీ కూడా ఇంట్లోకి వస్తోంది. అక్కడ మనకి ఓటు లేదు, రేషను కార్డు లేదు. వాళ్ళ పగలు మాత్రం మన అరుగు మీదికి వచ్చి కూర్చున్నాయి.

చానెల్ చేతిలో ఉంటే ఏ నాయకుడైనా ధీరుడిలాగే కనిపిస్తాడు. లేకపోతే పిరికివాడిలా కనిపిస్తాడు. అందుకే ఒక నాయకుడికి నిజంగా నమ్మకాలున్నాయా అని చూడాలంటే నేను విదేశాంగ నిర్ణయాలు చూస్తాను. అక్కడ కులం ఓట్లు ఉండవు, చప్పట్లు తక్కువ. తప్పు చేస్తే దాచుకోవడమూ కష్టమే.

పీవీ గారినే తీసుకోండి. మొదట్లోనే తప్పటడుగు. 1991 ఆగస్టులో మాస్కోలో గోర్బచేవ్ మీద కుట్ర జరిగినప్పుడు, తొందరపడి సంస్కరణలు చేసేవాళ్ళకి ఇదొక హెచ్చరిక అన్నట్టు మాట్లాడారు. మూడు రోజుల్లో ఆ కుట్ర కూలిపోయింది. మన దేశానికి తలవంపులైంది.

ఆర్నెల్లు తిరక్కముందే, 1992 జనవరి 29న, ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు పెట్టుకున్నారు. మనం ఆ దేశాన్ని గుర్తించింది 1950లోనే. కానీ నలభై ఏళ్ళు ఏ ప్రధానీ ఆ అడుగు వెయ్యలేదు. సొంత పార్టీలోనే చాలామందికి నచ్చని పని. అయినా చేశారు. అలాగని పాలస్తీనాని వదిలెయ్యలేదు. ఆ ప్రకటనకి కొద్ది రోజుల ముందే అరాఫత్ ఢిల్లీ వచ్చి వెళ్ళారు. తర్వాత వచ్చిన ఏ ప్రభుత్వమూ ఆ నిర్ణయాన్ని వెనక్కి తిప్పలేదు.

1994లో జెనీవాలో కశ్మీర్ మీద పాకిస్తాన్ తీర్మానం పెట్టింది. మన బృందానికి నాయకుడిగా ఆయన పంపింది ఎవరిని? ప్రతిపక్ష నాయకుడు వాజపేయి గారిని. గెలిస్తే పేరు వాజపేయికీ పోతుందని తెలిసే పంపారు. చివరికి పాకిస్తాన్ ఆ తీర్మానాన్ని ఓటింగు దాకా తేకుండానే వెనక్కి తీసుకుంది.

ఇక అణుపరీక్ష. 1995 డిసెంబరులో పోఖ్రాన్‌లో ఏర్పాట్లు జరుగుతున్నాయని న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. అమెరికా ఒత్తిడి వచ్చింది, పరీక్ష జరగలేదు. ఎందుకు ఆగారన్నది ఇప్పటికీ వాదనే. 1998 మేలో వాజపేయి గారు చేసి చూపించారు. పేరంతా ఆయనకే వచ్చింది. నేను సిద్ధం చేసిందే కదా అని పీవీ గారు మైకు పట్టుకోలేదు. పీవీ గారు పోయాక ఆ సంగతి చెప్పింది వాజపేయి గారే.

ఈయన పత్రికలు తెలియని మనిషీ కాదు. కుర్రతనంలో వరంగల్లులో సదాశివరావు గారితో కలిసి కాకతీయ పత్రిక నడిపారు. ప్రధాని అయ్యాక మాత్రం తన గొప్ప చెప్పడానికి ఒక పత్రికని పెంచుకోలేదు. అందుకే మౌని అన్నారు, చేతకానివాడన్నారు.

అయితే ఆ మౌనాన్ని నేను నెత్తిన పెట్టుకోను. బయటి దేశాలతో ఓర్పుగా పనికొచ్చిన ఆ గుణమే 1992 డిసెంబరు 6న ఇంట్లో కొంప ముంచింది. అయోధ్యలో మసీదు కూలింది, తర్వాత ఊళ్ళకి ఊళ్ళు తగలబడ్డాయి, ఎన్నో ప్రాణాలు పోయాయి. యూపీ ప్రభుత్వం మాటిచ్చింది, నమ్మాను అంటే ప్రధానికి అది సరిపోయే జవాబు కాదు. జెనీవా లెక్క వేసి అయోధ్య లెక్క ఎగ్గొట్టడం కుదరదు. అయోధ్య చూపించి జెనీవాని చెరిపెయ్యడమూ కుదరదు.

మనకీ ఒక బాధ్యత ఉంది. 1996లో ఆయన నంద్యాలలోనూ గెలిచారు, మన బరంపురంలోనూ గెలిచారు. నంద్యాల వదులుకుని బరంపురం ఉంచుకున్నారు. ఆ రోజు మన వీధుల్లో ఎంతమంది ఆయన పనులు బేరీజు వేసి ఓటేశారు? మనోడు అని వేసినవాళ్ళే ఎక్కువ. నేనూ అంతే. మనోడు అని ఓటెయ్యడం, మన చానెల్ చెప్పిందని తిట్టడం, రెండూ ఒకే జబ్బు.

అందుకని సంఘానికి రెండు మనవులు. ఫొటో పెడదాం. కింద ఒక కాగితం మీద ఇజ్రాయెల్, జెనీవా, పోఖ్రాన్, మాస్కో, అయోధ్య అన్నీ రాసి పెడదాం. మన పిల్లల చేత తెలుగులోనే రాయిద్దాం. రెండోది, ఇక మీదట గ్రూపులో ఏ నాయకుడి వీడియో పెట్టినా, కింద సొంత మాటల్లో నాలుగు వాక్యాలు రాయండి. ఆయన ఏ నిర్ణయం తీసుకున్నాడు, ఎప్పుడు, దానివల్ల ఎవరికేం పోయింది, ఆ చానెల్ ఎవరిది.

రాయలేకపోతే ఆ వీడియో పెట్టకండి. తప్పేమైనా రాస్తే కింద దిద్దండి. ఆదివారం మీటింగులో కలుద్దాం.