చెక్క మీద చందమామ



పటాన్‌చెరు పక్కనున్న కిష్టారెడ్డిపేటలో ఇప్పుడు పొలాల కన్నా ఇళ్లే ఎక్కువగా కనిపిస్తాయి. ఇళ్లు పెరిగితే వడ్రంగికి పని పెరగాలి గదా! కానీ తలుపు మీద పువ్వులు, నెమళ్లు చెక్కే పని చాలాచోట్ల యంత్రానికి పోయింది. కంప్యూటర్లో బొమ్మ పెడితే చాలు, గిర్రున తిరిగే మొన కిందికి దిగి పూట తిరిగేసరికి తలుపు చెక్కేస్తుంది. ఇక పిల్లవాడికి ఉలి పట్టడం నేర్పించాలా, నేరుగా ఫ్యాక్టరీలో చేర్చాలా అన్నది మన ప్రాంతంలో చాలా ఇళ్లలో నలిగే మాట. ఈ నెల దీన్ని చందమామ దగ్గరికి తీసుకువెళదాం. నవ్వకండి, సంబంధం ఉంది.

ఒక అడుగు వెడల్పున్న పలక మీద చందమామ ముఖాన్ని చెక్కాలనుకోండి. చంద్రుని అడ్డుకొలత 3,474 కిలోమీటర్లు. అంటే పలక మీద ఒక్కో మిల్లీమీటరు సుమారు 11 కిలోమీటర్లకు సమానం. చంద్రుని మీద అన్నిటికన్నా ఎత్తైన చోటికీ, అన్నిటికన్నా లోతైన చోటికీ మధ్య తేడా దాదాపు 20 కిలోమీటర్లు. లెక్క కట్టండి. చంద్రుని ఎత్తుపల్లాలన్నీ కలిపినా మన పలక మీద రెండు మిల్లీమీటర్లు కూడా రావు! దక్షిణాన కనిపించే టైకో అనే పెద్ద బిలం వెడల్పు 85 కిలోమీటర్లు, లోతు ఐదు కిలోమీటర్ల లోపే. పలక మీద అది శనగగింజంత వెడల్పు, అర మిల్లీమీటరు కూడా లేని లోతు. ఉన్నది ఉన్నట్టు చెక్కితే ఎవరికీ ఏమీ కనబడదు. చిత్రిక పట్టిన పలకలాగే ఉంటుంది.

కాబట్టి చెక్కేవాడు లోతు పెంచాలి. ఎంత పెంచాలి? 2009లో అమెరికా వారు పంపిన నౌక లేజరు కాంతితో చంద్రుని ఎత్తులన్నీ కొలిచింది. ఆ కొలతలు అందరికీ దొరుకుతాయి. వాటిని యంత్రానికి ఇచ్చి పదింతలు చేయమంటే చేస్తుంది. అయితే కొండనూ, గుంటనూ, చిన్న గరుకునూ అన్నిటినీ ఒకే పదింతలు చేస్తుంది. దేన్ని నిలబెట్టాలో, దేన్ని వదిలేయాలో ఎవరో ఒకరు చెప్పాలి. ఆ చెప్పే కన్ను ఉలి పట్టిన చేతికి త్వరగా వస్తుందని నా నమ్మకం.

ఇక చెక్కడంలోని కిటుకులు చూద్దాం. గుండ్రటి అంచున్న ఉలితో గుంట తవ్వేస్తే బిలం అవుతుందనుకుంటారు. అవదు. ఉల్క వచ్చి గుద్దినప్పుడు మట్టి, రాయి పైకి లేచి చుట్టూ పడతాయి. అందువల్ల బిలం అంచు చుట్టుపక్కల నేల కన్నా ఎత్తుగా ఉంటుంది. ఆ అంచు నిలబడాలంటే చుట్టూ ఉన్న చెక్కను కొంత దించాలి. లేదా కొండపల్లి వారి దారి పట్టవచ్చు. వారు తెల్ల పొణికి కర్రతో బొమ్మ భాగాలను విడివిడిగా చేసి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆ మక్కుతోనే అంచును పైకి కట్టవచ్చు. పెద్ద బిలాల నడుమ చిన్న కొండ కూడా లేస్తుంది, లోపలి గోడలు మెట్లు మెట్లుగా జారి ఉంటాయి. ఇవి లేకపోతే అది చందమామ కాదు, గుంతపొంగణాల పెనం!

మరొకటి. చంద్రుని మీద ఒక బిలాన్ని ఇంకొకటి కొరికినట్టు ఉంటుంది. కొరికినది కొత్తది, కొరకబడినది పాతది. పాతవాటి అంచులు అరిగిపోయి ఉంటాయి, కొత్తవి పదునుగా ఉంటాయి. కనుక ముందు పాతవి చెక్కి, ఉప్పుకాగితంతో రుద్ది అరగదీసి, వాటి మీద కొత్తవి కొట్టాలి. చంద్రుని మీద ఏ వరుసలో పడ్డాయో పలక మీద కూడా అదే వరుస. తిరగేసి చేస్తే పని చెడుతుంది.

మనం కుందేలు అని పిల్లలకు చూపించే నల్లని మచ్చలు నీడలు కావు. మూడు వందల కోట్ల ఏళ్లకు ముందు లావా పొంగి పల్లాలను నింపి గట్టిపడిన మైదానాలు అవి. ఆ నలుపు రాతి రంగు. దాన్ని ఉలితో తేలేము, ముదురు రంగు కర్ర అతికించాలి. ఫ్యాక్టరీలకు యంత్రాలు మోసుకొచ్చే పెట్టెల పైన్ చెక్క తెల్లగా, మెత్తగా, చవకగా ఉంటుంది. నేర్చుకునేవారికి అది చాలు. మచ్చలకు టేకు ముక్కలు వాడండి.

అసలు చంద్రుని మీద కొండలున్నాయని మనకు చెప్పింది నీడే. 1609లో గెలీలియో దుర్భిణితో చూశాడు. ఆయనకు చిత్రలేఖనం తెలుసు, వెలుగు పక్కనుంచి పడితే ఎత్తుకు నీడ ఎలా వస్తుందో తెలుసు. అదే ఏడు అంతకు ముందే హారియట్ అనే ఇంగ్లీషు పండితుడు చంద్రుణ్ణి దుర్భిణితో చూసి గీశాడు గానీ, గీతలు గీశాడే తప్ప కొండలు గుర్తించలేదు. పౌర్ణమి నాడు సూర్యకాంతి ఎదురుగా పడి నీడలు ఉండవు, ముఖం పళ్లెంలా ఉంటుంది. బిలాలు చూడాలంటే అష్టమి సాయంత్రం, వెలుగు చీకటి కలిసే గీత దగ్గర చూడాలి. మామూలు బైనాక్యులర్ చాలు.

చంద్రయాన్-3 శ్రీహరికోట నుండి 2023 జూలై 14న బయలుదేరి, ఆగస్టు 23న దక్షిణ ధ్రువం వైపు దిగింది. అక్కడ సూర్యుడు నడినెత్తికి రాడు, నీడలు పొడవు. ఆగస్టు 27న దాని బండి ప్రజ్ఞాన్‌కు మూడు మీటర్ల దూరంలో నాలుగు మీటర్ల బిలం అడ్డొస్తే వెనక్కి తిప్పారు. శ్రీహరికోట ఉన్న తిరుపతి జిల్లాలోనే మాధవమాల ఉంది. తరతరాలుగా కొయ్య విగ్రహాలు చెక్కే ఊరు. నాకు వారితో ఒక కోరిక. మొత్తం చంద్రుణ్ణి వద్దు, ఆ నాలుగు మీటర్ల బిలం ఒక్కటి ఒక అడుగు పలక మీద చెక్కి చూపించాలి.

కొయ్య పనిని చిన్నచూపు చూసేవారికి ఇంకొక మాట. 2024 నవంబరులో జపాన్ వారు పది సెంటీమీటర్ల చెక్క ఉపగ్రహాన్ని అంతరిక్ష కేంద్రానికి పంపారు, డిసెంబరులో కక్ష్యలోకి వదిలారు. దాని పలకలను మేకు, జిగురు లేకుండా పాతకాలపు వడ్రంగుల అతుకుతోనే కలిపారు.

క్రిస్మస్‌కు నక్షత్రం కట్టే మన యువకులు ఈసారి ఒక పలక తీసుకోండి. ఒకే బిలంతో మొదలుపెట్టండి. పని అయ్యాక ట్యూబులైటు ఎదురుగా మాత్రం తగిలించకండి. కిటికీ పక్క గోడకు పెట్టండి, వెలుగు అడ్డంగా పడాలి. సాయంత్రం ఐదు గంటలకు వచ్చి చూడండి.