వెంట వచ్చే సొత్తు

బ్రతుకుతెరువు కోసం ఊరు విడిచిన మనిషి తన వెంట ఏమి తీసుకొనిపోగలడు? పొలం కదలదు. ఇల్లు కదలదు. నగ ఏదైనా ఉంటే అది దారిలోనే తాకట్టుకు పోవచ్చును. ఇక మిగిలేది ఒంటిమీది పచ్చబొట్టు. దానిని దొంగ అపహరించలేడు, షావుకారు తాకట్టు పట్టలేడు. “చచ్చినా వెంట వచ్చేది పచ్చబొట్టొక్కటే” అని తెలుగు పల్లెలలో ముసలమ్మలు అంటూ ఉంటారు. గుజరాత్‌లోని పశుపాలక కులాల స్త్రీలు ఈ మాటనే తమ భాషలో చెప్పుకొంటారు. వందల మైళ్ళ ఎడమున్న ఈ రెండు సంప్రదాయాలు నేడు ఒకే నగరంలో ఇరుగుపొరుగులై ఉన్నవి. ఆ నగరం సూరత్.

2011 జనాభా లెక్కల నాటికి దాదాపు 45 లక్షల మంది ఉన్న ఈ నగరం వలస వచ్చిన వారి చేతులమీద పెరిగినది. లింబాయత్, ఉధనా ప్రాంతాల మరమగ్గాలను నమ్ముకొని నల్గొండ, వరంగల్, కరీంనగర్ సీమల నుండి పద్మశాలీ కుటుంబాలు తరలివచ్చినవి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలను నడుపుతున్నది. వజ్రాలకు సానపట్టే పని వెదుక్కొంటూ సౌరాష్ట్రలోని అమ్రేలీ, భావనగర్ జిల్లాల వారు వరాఛా ప్రాంతంలో స్థిరపడినారు. ఒరిస్సాలోని గంజాం వారూ, మహారాష్ట్రలోని ఖాన్‌దేశ్ వారూ వచ్చి చేరినారు. వీరి భాషలు వేరు, వంటలు వేరు. కాని ఆయా ఇండ్లలోని అవ్వల ముంజేతులు చూస్తే, అందరూ ఏదో ఒక బడిలో చదువుకొన్నవారే అనిపిస్తుంది. ఆ బడిలో పలక చర్మం, బలపం సూది.

తెలుగునాట ఆ సూది పట్టినవారు చాలవరకు ఎరుకల స్త్రీలు. బుట్టలు అల్లుతూ, సోది చెబుతూ ఊరూరా తిరిగే వీరు పచ్చబొట్లు కూడా పొడిచేవారు. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ప్రకటించిన దక్షిణ భారత కులాల గ్రంథంలో వీరి వృత్తి ప్రస్తావన ఉన్నది. దీపపు మసిని గుంటగలగరాకు పసరులో నూరి, కట్టగా కట్టిన సూదులతో పొడిచి, పైన పసుపు అద్దేవారు. నుదుట, గడ్డాన చుక్కలు, ముంజేతిపై ముగ్గు, తేలు, దేవుని పేరు, పెనిమిటి పేరు పొడిపించుకొనేవారు. చిత్రమేమంటే, భర్త పేరు నోట పలుకరాదని నియమమున్న ఇల్లాలు ఆ పేరునే జీవితాంతం చేతిపై మోసేది. అక్షరం రాని స్త్రీకి ఆ మూడు నాలుగు అక్షరాలే తన సొంత గ్రంథం. చదువలేకపోయినా అక్కడ ఏమున్నదో ఆమెకు తెలుసు.

గుజరాతీలో పచ్చబొట్లను ఛూందణాం అనీ, త్రాజవాం అనీ అంటారు. రబారీ స్త్రీల మెడపై, చేతులపై చుక్కలు బారులు తీరి ఉంటాయి. పోర్‌బందర్ ప్రాంతపు మేర్ స్త్రీల ఒంటిపై నీళ్ళకు పోయే పడతులు, దేవతల పాదాలు, తల్లిదండ్రులను కావడిలో మోసే శ్రవణకుమారుడు కనిపిస్తారు. పచ్చబొట్లు తక్కువగా ఉన్న కోడలు అత్తవారింట అడుగుపెడితే, పుట్టింటివారు పిసినారులనో బీదవారనో ఎత్తిపొడుపు తప్పేది కాదు. అంటే ఆ చుక్కలు అలంకారం మాత్రమే కావు, పిల్లకు పుట్టింటివారు పెట్టి పంపిన సారె కూడా.

పూసినది నల్లని మసి అయినా దానికి పచ్చబొట్టు అని పేరు ఎందుకు వచ్చినది? చర్మపు పైపొర గుండా చూచినప్పుడు ఆ నలుపు నీలివన్నెగా, పచ్చవన్నెగా కనబడుతుంది. సూది పైపొరను దాటి లోపొరలో రంగును దింపుతుంది. పైపొర కణాలు ఎప్పటికప్పుడు రాలిపోతాయి కాని లోపలి రంగు నిలిచిపోతుంది. అది ఎట్లా నిలుస్తుందన్న ప్రశ్నకు ఫ్రాన్స్ శాస్త్రజ్ఞులు 2018లో ఎలుకలపై చేసిన పరిశోధన ఒక సమాధానం చెప్పినది. శరీరాన్ని కాపాడే భక్షక కణాలు ఆ రంగు రేణువులను పరాయి వస్తువులని మ్రింగుతాయి, కాని జీర్ణించుకోలేవు. ఆ కణం చనిపోతే రేణువులు బయటపడతాయి. ప్రక్కనే పుట్టిన కొత్త కణం వాటిని అందుకొంటుంది. కనుక ఏ ఒక్క కణమూ చిరకాలం మోయదు. ఒకటి దించినది మరొకటి ఎత్తుకొంటూ ఉన్నందువల్లనే గుర్తు నిలిచి ఉంటుంది.

ఈ గుర్తు ఒక్కొక్కప్పుడు చిరునామా అవుతుంది. జాతరలలో, రైళ్ళలో తప్పిపోతారన్న భయంతో పిల్లల చేతులపై పేర్లు పొడిపించే తల్లిదండ్రులు ఉత్తర, పశ్చిమ భారతాలలో చాలామంది ఉండేవారు. ఠాణేలో, చిన్ననాడు ఇల్లు తప్పిపోయిన బాలుడొకడు పెరిగి పెద్దవాడై 2013లో తల్లిని చేరుకొన్నాడు. ఊరి పేరు, వీధి పేరు మరపున పడినా చేతిపై తల్లి పేరు ఉన్నది. రెండు దశాబ్దాల తరువాత అదే దారి చూపినది.

అయితే ప్రతి పచ్చబొట్టూ ఇష్టంతో పొడిపించుకొన్నది కాదు. ఏడెనిమిదేండ్ల పిల్లను నలుగురు పట్టుకొని కూర్చోబెడితే, ఆమె ఏడుపు వినబడకుండా పాటలు పాడుతూ పొడిచిన చుక్కలే ఎక్కువ. ఆ పిల్లను ఎవరూ అడుగలేదు. కాలం మారి, ఆ చుక్కలు నాగరికత లేనివారి గుర్తులుగా మారినప్పుడు, పట్నంలో పైటచెంగుతో వాటిని కప్పుకోవలసిన అవస్థ కూడా ఆమెదే.

నేటి యువకుల కథ ఇందుకు తలక్రిందులు. న్యూయార్క్‌లో శామ్యూల్ ఓరైలీ 1891లో పేటెంటు పొందిన విద్యుత్ సూది యంత్రం వారసత్వం ఇప్పుడు ప్రతి నగరంలోనూ దుకాణం తెరచినది. సూరత్ అందుకు మినహాయింపు కాదు. తల్లి పేరు, బిడ్డ పాదముద్ర, ప్రేయసి పేరులోని తొలి అక్షరం, ఏది కావాలో ఎవరికివారే నిర్ణయించుకొంటారు. వెల కూడా వారే చెల్లించుకొంటారు, ఒక్కొక్కసారి రూపాయలలో కాకుండా. కేంద్ర సాయుధ పోలీసు బలగాల నియమావళి మతచిహ్నాలను, పేర్లను అంగీకరిస్తుంది, కాని అవి వందనం చేయని ఎడమ ముంజేతి లోపలివైపునో, అరచేతి వెనుకనో ఉండాలి. పరిమాణం ఆ భాగంలో నాలుగవ వంతుకు లోబడి ఉండాలి. కుడిచేతిపై ముచ్చటపడి వేయించుకొన్న పేరు వైద్యపరీక్షనాడు ఉద్యోగానికి అడ్డుపడుతుంది. లేజరు కిరణాలతో రంగును చిన్నచిన్న తునకలుగా పగులగొట్టి చెరపవచ్చును గాని, అందుకు వారాల ఎడంతో అనేక దఫాలు వైద్యుని వద్దకు పోవాలి. పొడిచే సూది కొత్తది కాకుంటే కామెర్ల వంటి రోగాలు రక్తంలో చేరుతాయి. అందువల్లనే పచ్చబొట్టు వేయించుకొన్నవారి నుండి ఏడాదిపాటు రక్తదానం స్వీకరించరు.

అవ్వకు ఇతరులు నిర్ణయించినారు, మనుమరాలు తానే నిర్ణయించుకొంటున్నది. కాని సూది క్రింద చేయి చాపినప్పుడు ఇద్దరి ముందూ ఉన్న ప్రశ్న ఒక్కటే: “నేను ఎవరిదానను?” గుజరాత్ నగరాలలో కొందరు యువతులు అమ్మమ్మల త్రాజవాం చుక్కలనే యంత్రపు సూదితో మళ్ళీ పొడిపించుకొంటున్నారు. ఒకప్పుడు కప్పుకొన్నదానినే ఇప్పుడు కోరి చూపుతున్నారు.

చచ్చినా వెంట వచ్చేది పచ్చబొట్టే అన్న మాటలో ఒక మెలిక ఉన్నది. అది ఆమె వెంటనే పోతుంది. చితిపై చేయి కాలిపోయినప్పుడు ఆ తేలు, ఆ ముగ్గు, ఆ పేరు మనకు మిగలవు. ఎవరు పొడిచినారు, ఏ ఊరి జాతరలో, ఎంత ఏడ్చినది, ఆ మూడు చుక్కలు ఎందుకు అన్న ముచ్చట మాత్రం ఎవరైనా అడిగి ఉంటేనే మిగులుతుంది. లింబాయత్ వాకిళ్ళలోను, వరాఛా మేడలలోను ఆ ముచ్చట చెప్పగల అవ్వలు ఇంకా ఉన్నారు. వారి ప్రక్కన కూర్చుండి చేయి పట్టుకొని అడగడానికి ఒక పూట చాలు.